ఎవరి చేతా చెప్పించుకోని మనిషి

నీలా ఆంటీ పని మానేసిన రోజు వైటింగ్ వాళ్ల ఇంట్లో కేకు కోశారు. మానేసింది అనాలో, మానిపించారు అనాలో నాకు తెలియదు. మోకాలు వంగక బట్టల బుట్టతో సహా మెట్ల మీద రెండుసార్లు పడింది. రెండోసారి పడ్డాక మిసెస్ వైటింగ్ ఆమె చేతులు పట్టుకుని, నువ్విక విశ్రాంతి తీసుకోవాలి నీలా అంటూ కళ్లు తుడుచుకుందట. ఆ శుక్రవారం మెడలో పూలదండ వేసి, ఫోటో తీసి, మిగిలిన కేకు డబ్బాలో పెట్టి ఇచ్చారు. ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని నువానూ కొండవాలు నుంచి కలీహిలోని మా ఇంటికి రెండు బస్సులు మారి వచ్చింది. కేకు మీద చక్కెర ముద్దతో "మా ఇంటి మనిషికి" అని రాసి ఉంది. మా అక్క పిల్లలు ముందు ఆ అక్షరాలే గోకి తినేశారు.

ఆంటీ మా అమ్మకు అక్క. అసలు పేరు లియోనీలా టబియోస్. ఫిలిప్పీన్స్ ఉత్తరపు కొసన ఉన్న బకార్రా మా ఊరు. ముప్పయి దాటాక, పెళ్లీ గిళ్లీ లేకుండా, ఒక్కతే హోనొలులు వచ్చింది. మొదట అనాస ముక్కలు డబ్బాల్లోకి ఎత్తే ఫ్యాక్టరీలో ఆరేళ్లు చేసింది. అది మూతపడుతుందన్న మాట పుట్టగానే వైటింగ్ వాళ్లింట్లో చేరింది. ఆ తర్వాత పాతికేళ్లు అక్కడే. వాళ్ల పిల్లలిద్దరినీ ఎత్తుకు పెంచింది. మిస్టర్ వైటింగ్ తండ్రి మంచాన పడితే చివరిదాకా ఆయన్ని పొర్లించి, కడిగి, తినిపించింది. ఆయన పోయినప్పుడు చర్చిలో చివరి వరసలో కూర్చుంది. పేపర్లో వేసిన బంధువుల పేర్లలో పెంపుడు కుక్క పేరు కూడా ఉంది. ఆంటీ పేరు లేదు. ఆమె ఆ ముక్క కత్తిరించి దాచుకుంది.

ఆమె పనికి ఒక తీరు ఉండేది. వాళ్లింట్లో నేల శుభ్రం చేసే ఖరీదైన యంత్రం ఉండేది, దాన్ని ముట్టుకునేది కాదు. బకార్రా నుంచి ఎవరొస్తున్నా కొండచీపుర్లు తెప్పించుకునేది, వాకిలికి కొబ్బరి ఈనెల చీపురు. ఇళ్లల్లో పనిచేసే మా ఆడవాళ్లందరూ చీపురు తమదే పట్టుకెళ్తారు. పరాయి చీపురుతో చెయ్యి కుదరదంటారు. ఆంటీ ఇంకో మెట్టు పైన. తుడిచే గుడ్డలు తనవే, అద్దాలకు పాత పత్రికలు తనవే, చెక్క బల్లలకు రాసే కొబ్బరినూనె సీసా కూడా తనదే. అన్నీ ఒక సంచిలో వేసుకుని, చీపురు చంకన పెట్టుకుని బస్సెక్కేది. ఆదివారం చర్చి బయట మిగతా ఆడవాళ్లతో అనేది: "మీ మిసెస్‌లు మీకు చెబుతారేమో. పాతికేళ్లలో ఆవిడ చేత ఒక్క మాట చెప్పించుకోలేదు నేను."

అరవై ఏడు నిండాక ఆమెకు కావలసింది ఒక్కటే. పింఛను తీసుకుని బకార్రా వెళ్లిపోవడం. అక్కడి ఇల్లు ఆమె పంపిన డబ్బుతో లేచినదే. తమ్ముడి కొడుకు కాపురం ఉంటున్నాడు, వెనక గది ఆంటీది. కాని నెలనెలా చేతిలో ఏదో ఒకటి పడకుండా ఆ గదిలోకి వెళ్తే, కొద్దిరోజుల్లోనే అది ఆమె గది కాకుండా పోతుంది. ఈ సంగతి ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. ఇక్కడ ఉండిపోతే మా ముందుగదిలో సోఫా ఉంది. ఇప్పటికే ఆ సోఫా మీద ఒకరు పడుకుంటున్నారు. అది నేనే.

పింఛను ఆఫీసుకు నేనే తీసుకెళ్లాను. విమానాశ్రయం పక్కన కార్లు నిలిపే చోట గాజుపెట్టెలో కూర్చుని డబ్బు తీసుకునే ఉద్యోగం నాది. సెలవు అడిగితే ఇస్తారు, జీతం ఇవ్వరు. ఆఫీసులో కౌంటరు వెనక కనేషిరో అనే అమ్మాయి కూర్చుని ఉంది, నా కంటే ఒకటి రెండేళ్లు పెద్దది. తెర మీద చూసింది, ఇంకోసారి చూసింది.

"ఆంటీ, ఇందులో మీకు ఆరేళ్లే కనిపిస్తున్నాయి."

"ఆరేళ్లు ఫ్యాక్టరీవి. తర్వాత పాతికేళ్లు ఇంట్లో చేశాను."

"మీ ఇంట్లోనా?"

"నా ఇల్లయితే అన్నిసార్లు ఎందుకు తుడుస్తానమ్మా? వైటింగ్ గారింట్లో."

ఆ అమ్మాయి నవ్వింది, తర్వాత నవ్వు ఆపుకుంది. ఆ ఇంటి నుంచి ఆంటీ పేరు మీద ఒక్క డాలరు కూడా జమ కాలేదని చెప్పింది. పింఛను రావాలంటే మొత్తం పదేళ్లు ఉండాలి. ఇంకా నాలుగేళ్లు తక్కువ. ఎలాగూ ఊరెళ్లిపోయేదాన్నే కదా అని ఆంటీ ఇక్కడి పౌరసత్వం తీసుకోలేదు, కాబట్టి దిక్కులేని ముసలివాళ్లకు ఇచ్చే ఆ చిన్న సాయం కూడా అందదు.

బస్సులో ఆంటీ అంది: "మిసెస్ మరిచిపోయుంటుంది."

"పాతికేళ్లా?"

"పెద్దింటివాళ్లకి తలమీద బోలెడు పనులుంటాయి."

ఇంటికొచ్చేసరికి అమ్మ వంటింట్లో మునగాకు దూస్తోంది. విని, రెమ్మ కింద పడేసింది.

"మనాంగ్, నువ్వు ఎప్పుడూ అడగలేదా?" అంది. అక్కను మేం అలాగే పిలుస్తాం.

"ఆవిడే అడిగింది. చేరిన మొదటి నెలలో. నీలా, పన్ను కోసి ఇమ్మంటావా, మొత్తం చేతికిమ్మంటావా అని. మొత్తం ఇమ్మన్నాను."

"ఎందుకూ?"

"ఎందుకేంటి? అప్పుడు బకార్రాలో ఇంటికి కప్పు వేస్తున్నాం. అయినా ఇళ్లల్లో చేసే మనవాళ్లలో ఎవరు కోయించుకున్నారు చెప్పు? కోయించుకున్నదాన్ని పిచ్చిదాన్ని చూసినట్టు చూసేవాళ్లు."

"నేను కోయించుకున్నాను హోటల్లో."

"నిన్ను హోటలువాడు అడిగాడా? అడక్కుండానే కోశాడు. నన్ను అడిగింది ఆవిడ. అదీ మర్యాదంటే."

"అయితే ఆ మర్యాదే వండుకుని తిను," అంది అమ్మ. "బియ్యం నేను పోస్తాలే."

ఆ వారమంతా గాజుపెట్టెలో కూర్చుని ఈ చట్టం సంగతి చదివాను. చదివినకొద్దీ ఒళ్లు మండింది. ఇంట్లో పనికి మనిషిని పెట్టుకున్న కుటుంబం కూడా చట్టం దృష్టిలో యజమానే. పింఛను పన్ను కింద జీతంలో వందకు ఏడూ ఏడున్నర పనిమనిషి వాటాగా కోయాలి, అంతకు అంత తమ జేబులోంచి కలపాలి, రెండూ ఆమె పేరున కట్టాలి. పనిమనిషి వద్దన్నా సరే, కట్టాల్సింది వాళ్లే. వద్దనే హక్కు ఆమెకు లేదు, అందుకే అడిగే హక్కు వాళ్లకూ లేదు. పెద్ద కష్టం కూడా కాదు. ఏడాదికోసారి తమ సొంత పన్ను కాగితాలకు ఇంకో కాగితం జోడిస్తే చాలు. మిస్టర్ వైటింగ్ ఏమీ తెలియని మనిషి కాదు. ఇతరుల ఆస్తులకు పన్ను తగ్గించే మార్గాలు వెతికిపెట్టి బతికే లాయరు.

ఒక ఆశ కూడా కనిపించింది. పనిలో పెట్టుకున్నవాళ్లు కట్టకుండా ఎగ్గొట్టిన పాత ఏళ్లను, రుజువులుంటే, ఎంత ఆలస్యమైనా తిరిగి రాయించుకోవచ్చు. జీతం ముట్టినట్టు రుజువు ఉంది, చివరి పదిహేనేళ్లు చెక్కులే ఇచ్చారు. మిగిలింది ఒకే ప్రశ్న. ఆమె వాళ్ల దగ్గర పనిచేసిన మనిషా, లేక ఇళ్లు శుభ్రం చేసే సొంత వ్యాపారం నడుపుకున్న మనిషా? వ్యాపారమే అని తేలితే పన్నంతా ఆమే కట్టుకోవాల్సింది అంటారు. పైగా అలాంటి పాత ఏళ్లను రాయించుకోవడానికి గడువు ఎప్పుడో దాటిపోయింది. ఈ ప్రశ్నకు రెండో జవాబు చెప్పేవాడు భూమ్మీద ఉండడనుకున్నాను.

మిసెస్ వైటింగ్‌ను ఒకసారి అడిగి చూద్దామని ఆంటీయే అంది. అర్జీ పెట్టేముందు చెప్పకపోతే ఆవిడ మనసు కష్టపడుతుందట. వెళ్లాం. ఆంటీ అలవాటు కొద్దీ వంటింటి తలుపు వైపే నడిచింది. నేను ముందుగుమ్మం దగ్గర నిలబడ్డాను. కాసేపటికి నేనే చుట్టు తిరిగి వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. మిసెస్ వైటింగ్ చల్లటి టీ ఇచ్చింది. తాగడం అవగానే ఆంటీ లేచి గ్లాసులు కడగడం మొదలుపెట్టింది.

"కూర్చో నీలా. నువ్విప్పుడు చేయక్కర్లేదు."

"చేతులు ఊరుకోవు మిసెస్."

నేను సంగతి చెప్పాను. మర్యాదగానే చెప్పాననుకుంటాను. మిసెస్ వైటింగ్ కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. నా వైపు చూడకుండా ఆంటీతోనే మాట్లాడింది.

"నీలా, నిన్ను మేం ఎప్పుడైనా పనిమనిషిలా చూశామా?"

"లేదు మిసెస్."

"ఇది చెయ్యి, అది చెయ్యి అని ఎవరైనా అన్నారా?"

"ఎవరూ అనలేదు."

"నీ ఇష్టమొచ్చినప్పుడు, ఇష్టమొచ్చినట్టు, నీ సామాను నువ్వు తెచ్చుకుని మరీ చేశావు. ఈ ఇంట్లో నీ పనికి నువ్వే యజమానివి. నేను నా స్నేహితులందరితో అదే చెబుతాను, నీలాకు ఎవరూ చెప్పక్కర్లేదని."

ఆంటీ సింకు దగ్గర వెన్ను నిటారుగా పెట్టి నిలబడింది. పాతికేళ్లుగా చర్చి బయట తాను చెప్పుకుంటున్న మాట ఇవాళ ఆ ఇంటావిడ నోట వినబడింది. ఆ ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. ఆ మాటల్లో సగం మిస్టర్ వైటింగ్ ఆఫీసులో తయారైనవని నాకు అక్కడే అర్థమైంది. ఆంటీకి అర్థం కాలేదు. అర్థమైనా ఒప్పుకోదు.

దిగి వస్తుంటే దారిలో అన్నాను: "ఇష్టమొచ్చినప్పుడట. ఎనిమిదికి ఐదు నిమిషాలు లేటయితే కాఫీ చల్లారిపోయిందని మూతి ముడిచేదని నువ్వే చెప్పావు కదా."

"అది కాఫీ సంగతి."

"ఏ రోజు ఏ గది చేయాలో ఆవిడే చెప్పేది కదా?"

"ఆవిడకి ఏ గది ఎక్కడుందో చూపించింది నేను."

"టవళ్లు ఎలా మడవాలో..."

"ఎవరు? ఆవిడకి టవల్ మడవడం నేను నేర్పాను. నమ్మకపోతే వెళ్లి అడుగు."

"ఆంటీ, ఆఫీసులో ఇలా మాట్లాడకు. వాళ్లు చెప్పినట్టు చేశానని చెప్పు."

"అబద్ధం చెప్పమంటావా?"

"అబద్ధం కాదు. నిజంలో పనికొచ్చే ముక్క చెప్పమంటున్నాను."

"ఎన్ని పుస్తకాలు చదివితే వచ్చిందిరా ఈ తెలివి?" అంది. "ముందు ఆ గడ్డం గీసుకో. మిసెస్ నిన్ను చూసి భయపడింది."

అర్జీ పెట్టాం. ఆఫీసు వాళ్లు వైటింగ్ వాళ్లనూ అడిగారు, వాళ్ల అకౌంటెంటు జవాబు పంపాడు. విచారణ రోజు కనేషిరో ఆ జవాబు మాకు చదివి వినిపించింది. లియోనీలా టబియోస్ మాకు శుభ్రత సేవలు అందించిన స్వతంత్ర వ్యక్తి. సొంత పనిముట్లు వాడేవారు. పని ఏ వరసలో చేయాలో తామే నిర్ణయించుకునేవారు. కైలువాలో మరో ఇంటికి కూడా ఇలాంటి సేవలే అందించేవారు. మొత్తం సొమ్ము చేతికి ఇవ్వమని తామే కోరారు.

"కైలువాలో ఇల్లు ఎవరిది ఆంటీ?" అని అడిగింది కనేషిరో.

"వాళ్ల అమ్మాయిదే. పురిటికి సాయం కావాలంటే మిసెస్ పంపింది."

"మీరు వద్దంటే?"

"ఎందుకు వద్దంటాను? ఆ పిల్లకి స్నానం పోసి పెంచింది నేను."

కనేషిరో రాసుకుంది. మంచి మనిషి. తనకు తెలిసిన జవాబు దగ్గరికి మమ్మల్ని చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నట్టు ఒక్కొక్కటే అడిగింది. జీతం ఎవరు నిర్ణయించారు? మిసెస్. రోజులు ఎవరు నిర్ణయించారు? మిసెస్. రాలేకపోతే బదులు మనిషిని పంపేవారా? లేదు, జ్వరమైనా నేనే వెళ్లేదాన్ని. నా గుండె కాస్త కుదుటపడింది. తర్వాత పనిముట్ల దగ్గరికి వచ్చింది.

"వాళ్లింట్లో సామాను లేక మీవి తెచ్చుకునేవారా?"

"వాళ్ల దగ్గర అన్నీ ఉన్నాయి. నేను ముట్టుకోను. ఆ యంత్రం గోలే తప్ప మూలల్లోకి పోదు. నా చీపురు నాది."

"వాళ్లది వాడమని మిసెస్ వైటింగ్ ఎప్పుడూ అనలేదా?"

"అని చూడమనండి."

కనేషిరో పెన్ను కింద పెట్టింది. నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి అడిగింది: "ఆంటీ, జాగ్రత్తగా వినండి. ఆవిడ చెప్పిందా లేదా అని కాదు నేను అడుగుతున్నది. ఒకవేళ ఆవిడ ఇది ఇలాగే చెయ్యి అని చెప్పి ఉంటే, మీరు వినాల్సి వచ్చేదా?"

అంతే అడిగింది. అవును అంటే చాలు, వాళ్ల కింద పనిచేసిన మనిషే అని తేలిపోతుంది. నేను బల్ల కింద నుంచి ఆంటీ పాదాన్ని నా కాలితో తాకాను. ఆంటీ పాదం వెనక్కి లాక్కుంది.

"ఆవిడ అలా చెప్పి ఉంటే, ఆ రోజే నా చీపురు తీసుకుని బయటికొచ్చేసేదాన్ని," అంది.

అది నిజం కాదు. నిజం ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. చాలా ఏళ్ల కిందట మిస్టర్ వైటింగ్ చేతి గడియారం కనపడకుండా పోయింది. ఆయన ఆంటీని పిలిచి, సంచి వంటింటి బల్ల మీద బోర్లించమన్నాడు. ఆమె బోర్లించింది. గుడ్డలు, నూనె సీసా, అన్నం డబ్బా, లోపలి బట్టల జత, అన్నీ ఆ బల్ల మీద పడ్డాయి. ఆయన పెన్సిలుతో కదిపి చూశాడు. గడియారం రెండు రోజుల తర్వాత కారు సీటు కింద దొరికింది. దొరికిందని ఆమెకు పిల్లలు చెప్పారు, ఆయన చెప్పలేదు. సంచి బోర్లించిన మర్నాడు ఉదయం ఆంటీ ఎనిమిదికి ముందే ఆ ఇంట్లో కాఫీ పెడుతోంది. ఆమె ఎక్కడికీ బయటికి రాలేదు. రాగలిగే స్థితిలో లేదు. ఎవరి చేతి కింద మనిషో చెప్పడానికి అంతకంటే రుజువు ఏం కావాలి?

నేను ఆగలేకపోయాను. "ఆంటీ, గడియారం సంగతి చెప్పు."

ఆమె నా వైపు తిరిగింది. చిన్నప్పుడు నన్ను కొట్టినప్పుడు కూడా ఆమె కళ్లలో అలాంటి చూపు నేను చూడలేదు.

"ఏం గడియారం?" అంది కనేషిరో.

"గడియారం లేదు ఏమీ లేదమ్మా. మావాడు పగలంతా గాజుపెట్టెలో ఒక్కడే కూర్చుంటాడు. మనుషులతో మాట్లాడటం మరిచిపోయాడు."

"ఆంటీ, ఏదైనా జరిగి ఉంటే చెప్పండి. ఇక్కడ చెప్పింది మీకు మంచే చేస్తుంది."

"ఏం జరగలేదు. వాళ్లు మర్యాదస్తులు. నేను మర్యాదగా బతికాను."

నేను చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆమె నా మోచేతి మీద చెయ్యి వేసింది. గట్టిగా ఏమీ నొక్కలేదు. ఊరికే వేసి ఉంచింది. నోరు మూసుకున్నాను. తన కంటే నలభై ఏళ్లు చిన్నదైన ఆడపిల్ల ముందు ఆ సంచి రెండోసారి బోర్లించడం ఆమెకు చావుతో సమానం. పింఛను పోయినా ఫరవాలేదు. అదేమీ గొప్ప అని నేను అనను. ఆ పింఛను మీద ఆమె మిగిలిన బతుకంతా ఆధారపడి ఉంది. దాన్ని అక్కడ ఒక బల్ల మీద వదిలేసి లేచింది.

ఫలితం చెప్పడానికి కనేషిరో ఫోన్ చేసింది. స్వతంత్రంగా పనిచేసిన వ్యక్తి అని తేలింది. పాత ఏళ్లేవీ జమ కావు. పై విచారణకు వెళ్లవచ్చు, కొత్తగా చెప్పేదేమైనా ఉంటే దానికి బలం ఉంటుంది అంది. కొత్తగా చెప్పేదేమిటో ఆమెకు అనుమానం ఉందని గొంతును బట్టి తెలిసింది.

"వెళ్దాం ఆంటీ," అన్నాను.

"చెప్పాల్సింది ఒకసారి చెప్పాను."

"నువ్వు చెప్పింది నిజం కాదు."

"నీకు చెప్పుకోవడానికి ఏముందిరా ఈ భూమ్మీద?" అంది. "నాకు అదొక్కటే ఉంది."

అమ్మ మాత్రం ఊరుకోలేదు. రెండు రోజులు గిన్నెలతో మాట్లాడింది. "మహారాణి గారికి సోఫా మీద దుప్పటి మార్చండి. వ్యాపారస్తురాలు కదా, నౌకర్లు లేరు పాపం." ఆంటీ వినిపించుకోనట్టే కాకరకాయలు తరిగింది. మూడో రోజు అమ్మే ఆమె మోకాలికి నూనె రాస్తూ ఏడ్చింది. జూన్‌లో మిసెస్ వైటింగ్ తోటలో కాసిన లీచీ పండ్లు ఒక బుట్టెడు పంపింది. బుట్ట మీద రిబ్బను కట్టి ఉంది. పారేద్దామన్నాను. తిన్నాం. తీయగానే ఉన్నాయి.

నాలుగేళ్లు తక్కువ. ఆంటీ ఆ మాట ఎవరితోనూ అనలేదు, కాని ఆదివారం చర్చి బయట పని కావాలని అడగడం మొదలుపెట్టింది. అరవై ఎనిమిదేళ్ల కుంటి మనిషిని ఎవరు పెట్టుకుంటారు? చివరికి కైముకీలో ఒక కొత్త జంట దొరికింది. భార్య నర్సు, పేరు మలియా, ఇంట్లో కవల పిల్లలు. వారానికి మూడు పూటలు. వాళ్లకు ఎవరైనా సరే, వెంటనే కావాలి.

"ఆంటీ, నేను చేతికి క్యాష్ ఇచ్చేస్తాను," అంది మలియా. "మీకూ సులువు, నాకూ సులువు."

"కోసి ఇవ్వమ్మా."

"ఏంటి?"

"పన్ను. కోసి కట్టు."

"కోస్తే మీకు తక్కువొస్తుంది కదా. మా అమ్మావాళ్లు ఎప్పుడూ..."

"తక్కువే రానీ. కోస్తేనే వస్తాను."

మలియాకు ఎలా కట్టాలో తెలియదు. నేను కూర్చుని చూపించాను. కొంచెం విసుక్కుంది, కాని చేసింది. మా మీద జాలితో కాదు, ఇద్దరు పసివాళ్లు ఒకేసారి ఏడుస్తున్నారు కాబట్టి. ఆ ఏడాది చివర ఆఫీసుకు వెళ్లి తెర మీద చూపించమని అడిగాం. ఆరు ఏడు అయింది. ఎంత చాకిరీ చేసినా ఏడాది ఏడాదిగానే లెక్క, తొందరపెడితే వచ్చేది కాదు.

ఇల్లు రెండంతస్తులు. మలియాను ఆ సంగతి మొదట్లో మేం ఆలోచించనివ్వలేదు. ఆంటీకి ఆ మోకాలితో మెట్లెక్కడం కుదరదు. అందుకని ఆమె వెళ్లే మూడు పూటలూ నాకు సెలవు ఉండేలా మార్చుకున్నాను. ఆంటీ కింద పిల్లల బట్టలు మడుస్తుంది, గిన్నెలు తోముతుంది. పైన స్నానాల గదులు, నేల, కిటికీలు నేను చేస్తాను. జీతం ఆమెది, పన్ను ఆమె పేరున. నా పేరు ఎక్కడా లేదు. మలియా చూసీ చూడనట్టు ఊరుకుంటోంది. ఒకసారి మాత్రం, "మీవాడు బాగా చేస్తాడు ఆంటీ" అంది. "ఏదో, నేర్చుకుంటున్నాడు" అంది ఆంటీ.

ఇది రెండో ఏడాది. మొన్న సాయంత్రం బకార్రా నుంచి ఫోనొచ్చింది. తమ్ముడి కొడుక్కి మూడో పిల్ల పుట్టింది. వెనక గది ఖాళీగా ఉంది కదా, పిల్ల మంచం అందులో వేసుకుంటామని, అత్త వచ్చినప్పుడు తీసేస్తామని అన్నాడు.

"వేసుకోండి," అంది ఆంటీ. "కిటికీ దగ్గర వేయకు, వాన కొడుతుంది అక్కడ. ఆ. ఇంకో రెండేళ్లు. రెండేళ్లు పైన కొన్ని నెలలు. వస్తాను లే, ఎందుకు రాను?"

అటువైపు అతను ఏదో అన్నాడు. ఆంటీ చాలాసేపు విన్నది.

"అల్మారా కూడానా? సరే. అందులో నా బట్టలేం లేవు, రెండు దుప్పట్లు ఉంటాయి, పిల్లకి కప్పండి."

ఫోన్ పెట్టేసి కాలు చాపింది. మోకాలు కొబ్బరికాయంత వాచి ఉంది. నేను పట్టీ చుట్టడం మొదలుపెట్టాను.

"గట్టిగా చుట్టు," అంది. "రేపు మలియా వాళ్ల పై కిటికీలు తుడవాలి, మరిచిపోకు. ఆరున్నర బస్సు."